నిండినవాడి వడ్డన

"సార్, కడుపు నిండినోడు మళ్ళా ఇస్తరాకు ముందర యాల కూసుంటాడు?"

రెండో బెంచీలోని అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఇంటర్ రెండో సంవత్సరం, పద్దెనిమిదో గ్రూపు పాఠం. బయటి కర్పరంలో ఎనిమిది ఎలక్ట్రాన్లు నిండిపోయాయి కాబట్టి ఈ వాయువులకు ఎవరితోనూ పనిలేదని ముందురోజు చెప్పాను. మరునాడు అదే బోర్డు మీద జీనాన్ చుట్టూ ఫ్లోరిన్లను గీశాను. ఆ పిల్ల ఊరుకోలేదు. "ఫ్లోరిన్ బలమైనదమ్మా, లాక్కుంటుంది" అని అప్పటికి చెప్పాను. చెప్పింది తప్పు కాదు, కానీ చాలదు. ఆ సాయంత్రం రేణిగుంట స్టేషన్ వంతెన మీద నిలబడి, గూడూరు వైపు దారి, కాట్పాడి వైపు దారి, కడప వైపు దారి చీకట్లో విడిపోవడం చూస్తున్నంతసేపూ ఆ మాటే చెవిలో మెదిలింది. ఎన్నో ఏళ్లుగా నన్ను పట్టి ఉంచిన ఒక అందానికి ఆ పిల్ల నోట సరైన మాట దొరికిందనిపించింది. ఆమెకు నేను బాకీపడిన జవాబు ఈ వ్యాసం.

రేణిగుంటలో గూడూరు బండి ఎక్కితే ఏర్పేడు దాటి శ్రీకాళహస్తి వస్తుంది. పంచభూత లింగాల్లో అక్కడిది వాయులింగం. గాలి చొరని గర్భగుడిలో దీపం రెపరెపలాడుతుందని, ఆ రెపరెపే స్వామి ఊపిరి అని మా సీమవాళ్లు చిన్ననాటి నుంచి వింటూ పెరుగుతారు. ఆ దీపం ముందు నిలబడిన ప్రతిసారీ నాకు గాలి లోపలి గాలులు గుర్తొస్తాయి. మనం పీల్చేదాంట్లో నూటికి దాదాపు ఒక వంతు ఆర్గాన్. జీనాన్ మాత్రం సుమారు కోటీ పదిహేను లక్షల అణువులకు ఒకటి. అంత అరుదైనా, ఒక్క ఊపిరిలో మన ఛాతీలోకి ఇంచుమించు వెయ్యి లక్షల కోట్ల జీనాన్ పరమాణువులు వచ్చి పోతాయి. నెత్తురులో దేనితోనూ బంధం కట్టవు, ఊపిరితిత్తుల్లో దేనినీ మార్చవు. వచ్చినవి వచ్చినట్టే వెళ్లిపోతాయి. పుట్టినప్పటి నుంచీ మన ఇంట్లోకి వచ్చిపోతున్నా పచ్చి మంచినీళ్లయినా ముట్టని అతిథులు అవి.

అతిథి అన్న మాట ఊరికే వాడలేదు. 1898లో లండన్‌లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ ద్రవీకరించిన గాలిని వడగట్టినట్టు మరిగించుకుంటూ క్రిప్టాన్‌ను, నియాన్‌ను, చివరకు జూలైలో జీనాన్‌ను పట్టుకున్నారు. క్రిప్టాన్ అంటే గ్రీకులో దాగినది, నియాన్ అంటే కొత్తది. అంతకు ముందే దొరికిన ఆర్గాన్ పేరుకు సోమరి అని అర్థం. జీనాన్ పేరు పుట్టిన గ్రీకు మాటకు కొత్తవాడు, అతిథి అని అర్థం. ఆ గ్రీకు మాటలో ఇంకొక సొగసుంది: వచ్చిన అతిథికీ, ఆదరించిన గృహస్థుకీ రెంటికీ అదే పదం. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, చివర్లో కావాలి. ఆ ఇద్దరు శాస్త్రజ్ఞులూ మనకు మరీ పరాయివాళ్లు కారు. జంషెట్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థకు బెంగళూరు తగిన చోటని సూచించింది రామ్సే. ఆ భారతీయ విజ్ఞాన సంస్థకు 1906లో తొలి డైరెక్టరుగా వచ్చింది ట్రావర్స్. జీనాన్‌ను మొదటిసారి చూసిన కళ్లు మన పక్క ఊళ్లో ఏళ్ల తరబడి తిరిగాయి.

ఈ వాయువుల మౌనాన్ని భగ్నం చేయాలని చూసినవాళ్లు తక్కువేం కాదు. 1895లోనే ఫ్రాన్స్‌లో ఆన్రీ మోయిసాన్, రామ్సే పంపిన ఆర్గాన్ మీదికి ఫ్లోరిన్‌ను వదిలాడు. ఏమీ జరగలేదు. 1933లో లైనస్ పౌలింగ్ జీనాన్, క్రిప్టాన్ ఫ్లోరిన్‌తో కలవగలవని కాగితం మీద చెప్పాడు. కాలిఫోర్నియాలో యోస్ట్, కే అదే ఏడాది ప్రయత్నించి ఉత్త చేతులతో లేచారు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు పాఠ్యపుస్తకాలన్నీ వీటిని జడవాయువులనే పిలిచాయి. జడం అనే మాటకు మన భాషలో రెండర్థాలున్నాయి: కదలనిది ఒకటి, చైతన్యం లేనిది రెండోది. కదలకపోవడాన్ని చూసి చైతన్యమే లేదని అనేశాం.

ఆ మాటను తిరగరాసింది 1962 మార్చి 23న వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్. ఆయన చేసిన పనిని రసాయనశాస్త్రంగా కంటే ముందు నేను అలంకారంగా ఆస్వాదిస్తాను. అది అచ్చమైన ఉపమాలంకారం. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే ఎర్రటి ఆవిరి ఆక్సిజన్ అణువు నుంచే ఎలక్ట్రాన్‌ను లాగేస్తుందని ఆయన అప్పటికే కనిపెట్టి ఉన్నాడు. ఆక్సిజన్ అణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి పట్టే శక్తి 12.07 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు. అయనీకరణ శక్తుల పట్టికలో ఆయన చూపు జీనాన్ దగ్గర ఆగింది: 12.13. రెండింటికీ తేడా వెంట్రుకవాసి. జీనాన్ ఉపమేయం, ఆక్సిజన్ ఉపమానం, ఎలక్ట్రాన్‌ను వదులుకోవడానికి అడిగే మూల్యం సమానధర్మం. ఒక దగ్గర రాణి ముఖాన్ని, ఒక దగ్గర చంద్రుణ్ని పెట్టి కవి చూసినట్టు, ఒక దగ్గర ప్రాణవాయువును, ఒక దగ్గర జడవాయువును పెట్టి ఆయన పోలిక చూశాడు. ఉపమావాచకం ఒక్కటే మిగిలింది. దాన్ని మాటతో కాక చేత్తో పలికాడు: ఎర్రటి ఆవిరికీ, రంగులేని జీనాన్‌కూ మధ్య ఉన్న గాజు అడ్డును పగలగొట్టాడు. అంతే, ఎరుపు మాయమై నారింజ ఛాయ కలిసిన పసుపు పొడి గాజు గోడల మీద రాలింది. అప్పటికి సాయంత్రమైంది. ఆ సంతోషాన్ని పంచుకుందామని ఆయన వెతికితే భవనంలో ఎవరూ లేరు, అందరూ భోజనాలకు వెళ్లిపోయారు.

ఆ పసుపు పొడిలో ఉన్నది ఒక్క పదార్థం కాదని, ఆయన మొదట రాసిన సూత్రమంత సూటిగా అది లేదని తర్వాత తేలింది. దాంతో ఆ ఉపమ విలువ తగ్గలేదని నా నమ్మకం. మంచి పోలిక మనను ఒక గుమ్మం దాకా నడిపించి పక్కకు తప్పుకుంటుంది, లోపలి గదులను మనమే చూసుకోవాలి. అదే ఏడాది అమెరికాలో ఆర్గోన్ జాతీయ ప్రయోగశాలకు చెందిన క్లాసెన్, సెలిగ్, మాల్మ్ జీనాన్‌కు అయిదింతల ఫ్లోరిన్ కలిపి, నికెల్ పాత్రలో 400 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచి చల్లారిస్తే, రంగులేని జీనాన్ టెట్రాఫ్లోరైడ్ స్ఫటికాలు చేతికొచ్చాయి. అన్నం వండినంత తేలిక. జర్మనీలో హొప్పె డైఫ్లోరైడ్‌ను సాధించాడు. ముప్పై ఏళ్లు మూసి ఉందనుకున్న తలుపుకు గడియే లేదని తేలింది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కట్టిపడేసేది ఎండతో చేసే పద్ధతి. తేమ ఏమాత్రం లేని గాజుబుడ్డిలో జీనాన్, ఫ్లోరిన్ నింపి ఎండలో పెడితే చాలు. కాంతి తగిలి ఫ్లోరిన్ అణువు రెండుగా చీలుతుంది. ఆ ముక్కలు జీనాన్‌ను చేరతాయి. గాజు గోడ మీద జీనాన్ డైఫ్లోరైడ్ స్ఫటికాలు మెల్లగా మొలుస్తాయి. ఫ్లోరిన్ ప్రాణాంతకం కాబట్టి ఇది ప్రయోగశాలల్లో నిపుణులు మాత్రమే చేసే పని. అయినా మే నెలలో రేణిగుంట ప్లాట్‌ఫారం రేకుల కింద నిలబడి, ఎండ పట్టాల మీద మెరుస్తూ ఉంటే, ఆ బుడ్డిని నేను మనసులో చూస్తాను. మా ఊరి ఎండను తిట్టుకోని మనిషి ఉండడు. అదే ఎండ ఎక్కడో ఒక గాజుబుడ్డిలో, లోకంలో అందరికంటే ముభావి అయిన వాయువు చేత మాట్లాడిస్తుంది. ఆ స్ఫటికాలు కర్పూరం లాంటివి, కరగకుండానే నేరుగా ఆవిరైపోతాయి. హారతి పళ్లెంలో కర్పూరం బిళ్ల సన్నబడుతుంటే ఇప్పుడు నాకు అవే గుర్తొస్తాయి.

ఇక రూపాలు. జీనాన్ డైఫ్లోరైడ్ ఒక సరళరేఖ: నడుమ జీనాన్, అటొక ఫ్లోరిన్, ఇటొక ఫ్లోరిన్. జీనాన్ నడుము చుట్టూ బంధంలో పాలుపంచుకోని మూడు ఎలక్ట్రాన్ జంటలు వడ్డాణంలా అమరి ఉంటాయి. మన పాఠ్యపుస్తకాలు వీటిని ఒంటరి జంటలు అంటాయి. ఒంటరి అంటూనే జంట అనడం చక్కని విరోధాభాస, ఏ శాస్త్ర పరిభాషా సమితి కూర్చిందో గానీ అందులో ఒక కవి ఉండి ఉండాలి. ఆ మూడు జంటలు ఒకదాన్నొకటి సమానంగా తోసుకుంటూ వలయంలో సర్దుకున్నాయి గనుకే రెండు ఫ్లోరిన్లూ వంకర లేకుండా నిట్టనిలువుగా నిలిచాయి. కనిపించే గీత వెనుక కనిపించని వలయం ఉంది. బొమ్మ గీసేటప్పుడు మనం గీతనే గీస్తాం, దాన్ని నిటారుగా నిలబెట్టిన వలయాన్ని వదిలేస్తాం.

టెట్రాఫ్లోరైడ్ సమతల చతురస్రం. నాలుగు మూలలా నాలుగు ఫ్లోరిన్లు, నట్టనడుమ జీనాన్. పైన ఒక ఒంటరి జంట గొడుగులా, కింద ఒక ఒంటరి జంట పీఠంలా. సంక్రాంతి నెలలో వాకిట్లో నాలుగు చుక్కలు పెట్టి నడిమి చుక్క చుట్టూ గీత తిప్పే చేతికి ఈ బొమ్మ కొత్త కాదు. హెక్సాఫ్లోరైడ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పొందిక చెదురుతుంది. ఆరు ఫ్లోరిన్లు అష్టముఖిగా నిలబడాలని చూస్తాయి, మిగిలిన ఒక్క ఒంటరి జంట వాటిని నిలవనివ్వదు. ఈ ముఖం దగ్గర చోటు చేసుకుంటుంది, అక్కణ్నుంచి ఇంకో ముఖానికి జరుగుతుంది. అది జరిగినప్పుడల్లా ఫ్లోరిన్లు ఒదిగి దారిస్తాయి. ఆవిరి స్థితిలో ఈ అణువుకు ఒకే రూపం లేదు, రూపం మారడమే దాని రూపం. మొదటిది నిశ్చలమైన గీత, రెండోది నిశ్చలమైన ముగ్గు, మూడోది నాట్యం. బంధాల పొడవులు కూడా ఆ వరుసలోనే తగ్గుతాయి: సుమారుగా 1.98, 1.95, 1.89 ఆంగ్‌స్ట్రామ్‌లు. అతిథుల సంఖ్య పెరిగేకొద్దీ కూర్చునేవాళ్లు ఇంకొంచెం దగ్గరికి జరిగినట్టుంటుంది.

ఇంతవరకు వాచ్యార్థం. రసం ధ్వనిలో ఉంటుంది. ఈ అణువుల ధ్వని వాటి బంధంలో ఉంది. జీనాన్ తన ఎనిమిది హద్దును దాటి పది, పన్నెండు, పద్నాలుగు ఎలక్ట్రాన్లను మోస్తుందని మేం తరగతిలో చెబుతుంటాం. లెక్క సులువుగా కుదరడానికి అది పనికొస్తుంది. లోతుగా చూసినవాళ్లు, ముఖ్యంగా పిమెంటెల్, రండిల్ చూపిన దారిలో వెళ్లినవాళ్లు వేరే సంగతి చెప్పారు. డైఫ్లోరైడ్‌లో ఒకే గీత మీద మూడు ఆర్బిటాళ్లు కొనకు కొన ఆనించి ఉంటాయి, మూడూ డమరుకం ఆకారంలో. వాటిని కలిపి మోగించే తీరులు మూడు. మొదటి తీరులో మూడూ ఒకే తాళానికి మోగుతాయి, అది ముగ్గురినీ కలిపి ఉంచుతుంది. రెండో తీరులో నడిమిది మౌనం వహిస్తుంది, అటూ ఇటూ ఉన్నవే పలుకుతాయి. కచేరీలో గాయకుడు తొడ మీద తాళం వేస్తూ ఊరుకొని మృదంగానికీ ఘటానికీ తని ఆవర్తనం వదిలిపెట్టినట్టు. మూడో తీరులో ఒకదానికొకటి ఎదురు మోగుతాయి, ఆ తీరు ఖాళీగా ఉండిపోతుంది. ఉన్నవి నాలుగు ఎలక్ట్రాన్లు. రెండు మొదటి తీరులోకి, రెండు రెండో తీరులోకి.

అంటే ముగ్గురినీ కట్టి ఉంచుతున్నది ఒకే ఒక్క జంట. రెండు వైపులా బంధాలున్నాయి గానీ ఒక్కోటీ సగం బంధం. రెండో జంట పూర్తిగా ఫ్లోరిన్ల ఇంట్లో ఉంది, జీనాన్ దాన్ని తాకదు. ఇప్పుడు జీనాన్ చుట్టూ లెక్క పెట్టండి. డైఫ్లోరైడ్‌లో మూడు ఒంటరి జంటలు, ఒక బంధపు జంట. టెట్రాఫ్లోరైడ్‌లో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి అలాంటి గీతలు రెండు కాబట్టి రెండు ఒంటరి జంటలు, రెండు బంధపు జంటలు. హెక్సాఫ్లోరైడ్‌లో ఒక ఒంటరి జంట, మూడు బంధపు జంటలు. మూడూ ఒకటి, రెండూ రెండు, ఒకటీ మూడు. ఎటు కూడినా నాలుగే జంటలు, ఎనిమిదే ఎలక్ట్రాన్లు. జీనాన్ ఎక్కడా హద్దు దాటలేదు. నియమం తప్పకుండానే, ఉన్న నిండుదనం చెదరకుండానే, ఇవ్వవలసింది ఇచ్చింది. ఈ లెక్క మొదటిసారి కుదిరిన రాత్రి నేను చాలాసేపు కాగితం ముందు అలాగే కూర్చుండిపోయాను. చిన్నప్పుడు చదివిన పద్యానికి ఏ ముప్పై ఏళ్లకో అర్థం తెలిసినప్పుడు కలిగే నిశ్శబ్దం అది.

మరి ఫ్లోరినే ఎందుకు? అతి బలమైనది గనుక అని అంటాం. దాని బలం వెనుక ఒక బలహీనత ఉంది. ఫ్లోరిన్ పరమాణువులు రెండు ఒకదాన్నొకటి పట్టుకున్నప్పుడు, అవి మరీ చిన్నవి కావడంతో వాటి ఒంటరి జంటలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. అందుకే ఆ బంధం వదులు: విడదీయడానికి మోల్‌కు 158 కిలోజౌళ్లు చాలు. క్లోరిన్ జంటకైతే 243 కావాలి. జీనాన్‌తో కలిసే సగం బంధం ఒక్కోటీ సుమారు 133. రెండు సగాలు కలిస్తే 266. 158 ఖర్చుపెట్టి 266 తెచ్చుకుంటే లాభమే. తమలో తాము ఒదగలేని ఇద్దరు మూడోవాడి పంచన చేరి ఎదురెదురు గుమ్మాల దగ్గర హాయిగా కూర్చున్నారు. హీలియం నుంచి ఎలక్ట్రాన్ ఊడదీయాలంటే 24.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు కావాలి, నియాన్‌కు 21.6, ఆర్గాన్‌కు 15.8, క్రిప్టాన్‌కు 14. జీనాన్ పెద్ద పరమాణువు, దాని బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరంగా, పిల్లలు పెరిగి వీధిలోకి వచ్చినట్టు ఉంటాయి. కాబట్టే 12.13కు అది ఒప్పుకుంటుంది. మా జిల్లాలోని శ్రీహరికోట నుంచి 2017 మే 5న ఎగిరిన జీశాట్-9 ఉపగ్రహం జీనాన్‌తో నడిచే విద్యుత్ చోదక వ్యవస్థను మోసుకెళ్లింది. అక్కడ కూడా మొదటి అడుగు ఇదే: ఎలక్ట్రాన్ వదిలిన జీనాన్ వేగంగా వెనక్కి దూసుకుపోతుంటే ఉపగ్రహం ముందుకు జరుగుతుంది.

ఆ సగం బంధం ఎంత సున్నితమో ఒక్క ఉదాహరణ చాలు. డైఫ్లోరైడ్ నుంచి ఒక ఫ్లోరిన్ అయాన్‌ను ఎవరైనా తీసుకుపోతే, మిగిలిన ఫ్లోరిన్ జీనాన్‌కు దగ్గరగా జరుగుతుంది. 1.98 ఉన్న దూరం సుమారు 1.84కు తగ్గుతుంది. ఇద్దరి మధ్య పంచిన ఒక్క జంట ఇప్పుడు ఒక్కరిదైంది, సగం బంధం నిండు బంధమైంది. ఇంట్లో ఒకరు వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఇంకొంచెం దగ్గరవడం ఎవరు చూడలేదు?

2000లో బెర్లిన్‌లో సైడెల్, సెప్పెల్ట్ చూపిన అణువు టెట్రాఫ్లోరైడ్‌కు అద్దంలో ప్రతిబింబం. నడుమ బంగారం, నాలుగు మూలలా నాలుగు జీనాన్లు. అదే సమతల చతురస్రం, ముదురెరుపు స్ఫటికాలు. టెట్రాఫ్లోరైడ్‌లో నడుమ ఉన్న జీనాన్ ఇక్కడ అంచులకు వచ్చింది. తన ఒంటరి జంటను బంగారానికి చాచి ఇచ్చింది. మామూలు ఆమ్లాలకు లొంగని లోహం అని మనం మెడలో వేసుకునే బంగారానికి, ఎవరితోనూ కలవదని పేరుపడిన వాయువు నాలుగు వైపులా ఆసరా ఇస్తోంది. ఇందులోనూ జీనాన్ చేసిన పని ఒకటే, ఇవ్వడం.

ఇక్కడికి వచ్చాక నా చూపు గుంటూరు వైపు మళ్లుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. గుంటూరులో పియరీ జాన్సెన్, మచిలీపట్నంలో పాగ్సన్, వనపర్తిలో మన చింతామణి రఘునాథాచారి ఆ చీకటి కోసం పరికరాలు సర్దుకొని కాచుకున్నారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వెలుగులో ప్రకాశమైన గీతలు కనిపించాయి. వాటిలోని పసుపు గీత అప్పటికి భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తర్వాత తేలింది. సూర్యుడి పేరుతో దానికి హీలియం అన్న పేరు వచ్చింది. జడవాయువుల కథకు తొలి వెలుగు పడింది మన గుంటూరు ఆకాశంలోనే.

ఆ హీలియమే అన్నిటికన్నా మూసుకున్న వాయువు, 24.6 గడప దాటనిది. అయితే విశ్వం పుట్టి లక్ష సంవత్సరాలైన ప్రాంతంలో, వేడి తగ్గుతూ వస్తున్నప్పుడు, మొట్టమొదటి అణువు హీలియంతోనే ఏర్పడిందని శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఒక్క ఎలక్ట్రానూ లేని ప్రోటాన్ ఒకటి తిరుగుతోంది, రెండు ఎలక్ట్రాన్లతో నిండిన హీలియం ఎదురైంది. హీలియం తన జంటను దానితో పంచుకుంది. హీలియం హైడ్రైడ్ అయాన్ పుట్టింది. ప్రయోగశాలలో దీన్ని 1925లోనే చూశారు. అంతరిక్షంలో దాని జాడ మాత్రం 2019లో బయటపడింది. విమానంలో అమర్చిన సోఫియా టెలిస్కోప్ ఎన్‌జీసీ 7027 అనే నీహారికలో దాన్ని పసిగట్టింది. ఆ వార్త చదివిన రోజు నాకు రెండో బెంచీ అమ్మాయి ముఖం కళ్ల ముందు కదిలింది.

కడుపు నిండినవాడు మళ్ళా విస్తరాకు ముందర ఎందుకు కూర్చుంటాడు? ఇప్పుడు జవాబు చెప్పగలను. నువ్వు వాణ్ని సరిగ్గానే చూశావు తల్లీ, వాడి చేతిలో ఏముందో నేనే చూపించలేదు. వాడు తినడానికి కూర్చోలేదు. గరిటె పట్టుకొని వడ్డించడానికి వంగాడు. అందుకే పొట్ట ఖాళీ కాలేదు, ఎనిమిదీ ఎనిమిదిగానే ఉన్నాయి. అతిథి అని పేరుపెట్టి పిలిచినవాడే గృహస్థుగా నిలబడ్డాడు. ఆకలి కలిపిన బంధాలు లోకంలో కోట్లున్నాయి, ఉప్పులో, నీళ్లలో, మన ఒంట్లో. వాటన్నిటికంటే ముందు, చీకటి ఇంకా చల్లారని వేళ, నిండినవాడొకడు ఏమీ లేనివాడికి వడ్డించాడు. విశ్వంలో తొలి పంక్తి అలా మొదలైంది.

రేపటి తరగతిలో గీత గీసి, దాని నడుమ జీనాన్‌ను పెట్టి, చుట్టూ మనం ఎప్పుడూ వదిలేసే ఆ మూడు జంటల వలయాన్ని కూడా గీస్తాను. అటూ ఇటూ చెరో సగం బంధం. ఆ తర్వాత సుద్దముక్క ఆ అమ్మాయి చేతికిచ్చి, లెక్క నువ్వే పెట్టి చూడమ్మా అంటాను.